మన ఇంటి వాకిలి ఏ మాను? ఊరిగాం తెలుగిండ్లకు కొయ్య పరిచయం

ఊరిగాంలో పాత ఇల్లు బాగు చేయించాలంటే ముందు ఊడేది వాకిలి. పది పూతల రంగు కింద అది ఏ కొయ్యో ఇంట్లోవాళ్లకే తెలీదు. పనికొచ్చిన ఆశారి తమిళంలో 'వేంగై' అంటాడు. బంగారపేట వైపు డిపోలో కన్నడంలో 'హొన్నె' అంటారు. మన అవ్వ బతికి ఉంటే 'వేగిస' అనేది. మూడూ ఒకటే మాను. ఆ సంగతి తెలియక ఇంటాయన మూడు ధరలు విని, మూడు వేరువేరు కొయ్యలనుకుంటాడు. చివరికి పాత వాకిలిని తూకానికి ఇచ్చేసి, 'ఆఫ్రికన్ టేకు' అని చెప్పిన కొత్తది పెట్టించుకుంటాడు.

మా ఇంట్లోనూ ఇలాంటిదే జరిగింది. తాత కాలం నాటి మంచం ఒకటి ఉండేది. కోళ్లు నల్లగా, బరువుగా, ఇద్దరు పట్టినా కదలనట్టు ఉండేవి. చోటు చాలడం లేదని పాతసామాన్లాయనకు కిలోల లెక్కన ఇచ్చేశాం. తర్వాత మిగిలిన ఒక్క పట్టెను చిత్రిక పట్టించినప్పుడు ఊదారంగు గీతలు బయటపడ్డాయి. అది జిట్రేగి, అంటే రోజ్‌వుడ్. ఇంకొకరింట్లో ఇలా జరగకూడదని ఈ వ్యాసం రాస్తున్నాం. ధరలు మాత్రం ఇక్కడ ఇవ్వడం లేదు, అవి నెలకో తీరుగా మారతాయి.

గనులతో పాటు వచ్చిన కొయ్య

కోలారు ఎండసీమ. మామిడి, చింత, కానుగ, వేప, తుమ్మ, ఇవే మన కంటికి అలవాటైన చెట్లు. పెద్ద కలప పుట్టే దట్టమైన అడవి మన దగ్గర లేదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ గనుల పని చేపట్టాక కొయ్య అవసరం ఒక్కసారిగా పెరిగింది. షాఫ్టుల మీద కట్టడాలకు, భూమి లోపల ఆధారాలకు, ఆఫీసులకు, బంగ్లాలకు అన్నిటికీ కొయ్యే కావాలి. 1894లో బౌరింగ్‌పేట నుంచి మారికుప్పం దాకా రైలు దారి పడ్డాక బరువు సరుకు రావడం సులువైంది. ఆ బౌరింగ్‌పేటే ఇప్పటి బంగారపేట.

గనిలో కర్ర ఆధారానికి ఒక గుణం ఉంది. విరిగిపోయే ముందు అది చిటపటలాడుతుంది, వంగుతుంది, మనిషికి పక్కకు జరిగే సమయం ఇస్తుంది. అందుకే ప్రపంచమంతటా గని పనివాళ్లకు ఇనుము కంటే కర్ర మీద నమ్మకం ఎక్కువ. కానీ మన చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు పోయింది. ఆ లోతులో రాయి మీద పడే ఒత్తిడికి కర్ర చాలదు. హెచ్చరిక లేకుండా వచ్చే రాక్ బర్స్ట్‌ల ముందు దాని చిటపటలు పనికిరావు. లోతుకు పోయేకొద్దీ కర్ర చోట గ్రానైట్ రాళ్లు పేర్చిన గోడలు వచ్చాయి.

పైన మాత్రం కొయ్య ఎవరింట్లో ఏది అన్నది మనిషి హోదాను బట్టి ఉండేది. దొరల బంగ్లాలకు టేకు తలుపులు, టేకు మెట్లు. మొదటి తరం కూలీలకు వెదురు తట్టి గుడిసెలు. కాబట్టి మన తెలుగిండ్లలో ఇప్పుడు కనిపించే మంచి కొయ్య ఎక్కువగా రెండు దారుల్లో వచ్చింది. ఒకటి ముళబాగిలు, పలమనేరు, కుప్పం వైపు సొంతూళ్ల నుంచి బండి మీద తెచ్చుకున్న రోకలి, పీట, మంచం, భోషాణం. రెండోది బంగ్లాల్లోవాళ్లు ఊరు వదిలిపోతూ అమ్మిన బీరువా, మేజా, ఈజీ చైర్. మీ ఇంటి సామాను ఏ దారిన వచ్చిందో పెద్దవాళ్లను అడిగితే, అది ఏ కొయ్యో సగం తెలిసిపోతుంది.

టేకు అంటే ఏ టేకు?

తెలుగులో టేకు, కన్నడంలో తేగ లేదా సాగువాని, తమిళంలో తేక్కు. ఒక్క దీని విషయంలో పేరు తిప్పలు పెట్టదు, ఊరు తిప్పలు పెడుతుంది. బ్రిటిష్ వాళ్లు 1852లో దిగువ బర్మాను పట్టుకున్నాక అక్కడి అడవి టేకు ఓడల మీద మద్రాసు రేవుకు విరివిగా వచ్చేది. ఆ కాలపు దక్షిణాది బంగ్లాల్లో బర్మా టేకు మామూలు సంగతి. అవి వందేళ్లు, అంతకు పైన అడవిలో నిదానంగా పెరిగిన మానులు. 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ దుంగల ఎగుమతిని నిషేధించింది. కాబట్టి ఇవాళ ఎవరైనా 'ఫ్రెష్ బర్మా దుంగ' అంటే ముందు కాగితాలు అడగండి.

ఇప్పుడు డిపోల్లో ఉండే టేకులో చాలా భాగం ఘనా, నైజీరియా, ఈక్వడార్, కోస్టారికా లాంటి దేశాల తోటల్లో పెంచింది. అది నకిలీ కాదు, టేకే. తేడా వయసులో ఉంది. ఇరవై ఏళ్లకే కొట్టేసిన మానులో చేవ తక్కువ, చుట్టూ ఉండే తెల్లకట్టె ఎక్కువ. టేకుకు చెదలు పట్టదన్న మాట చేవకు మాత్రమే నిజం. తెల్లకట్టెను చెదలు హాయిగా తింటుంది. దానికి రంగు పూసి చేవలాగా కనిపించేట్టు చేస్తారు. అందుకే తలుపు కొనేటప్పుడు పాలిష్ పట్టిన ముఖం కాదు, రంపం కోసిన చివర చూడాలి.

ఆ చివరను పదునైన బ్లేడుతో ఒక్కసారి చెక్కి, తడి గుడ్డతో తుడవండి. టేకైతే కంటికి కనిపించే పెద్ద రంధ్రాలు వలయాలు వలయాలుగా వరుస కట్టి ఉంటాయి. వలయాలు దగ్గర దగ్గరగా ఉంటే నిదానంగా పెరిగిన మాను, అరంగుళం దూరంలో ఉంటే తోటలో తొందరగా పెరిగింది. చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది, కోసినప్పుడు పాత తోలు వాసన వస్తుంది. మొదట బంగారు రంగులో ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది.

బరువు కూడా ఒక సాక్ష్యం. ఒక ఘనపుటడుగు ఎండిన టేకు సుమారు 18 కిలోలు ఉంటుంది. అదే కొలతకు జిట్రేగి 24 కిలోల వరకు తూగుతుంది. పాత వాకిలి చట్రం లెక్క వేద్దాం. 7 అడుగుల నిలువులు రెండు, 3.5 అడుగుల అడ్డాలు రెండు, గడపతో కలిపి 21 అడుగులు. మందం 5 అంగుళాలు, 3 అంగుళాలు. 5ని 3తో, దాన్ని 21తో గుణించి 144తో భాగిస్తే దాదాపు 2.2 ఘనపుటడుగులు, అంటే డిపోవాళ్ల సి.ఎఫ్.టి. టేకైతే చట్రం మొత్తం 40 కిలోలు ఉండాలి. 55 కిలోలకు పైన తూగితే అది టేకు కాదు. కానీ అంతకంటే తక్కువది అనుకోవద్దు, ఎక్కువది కూడా కావచ్చు.

ఒకే మాను, మూడు పేర్లు

జిట్రేగిని తెలుగులో ఇరుగుడు అని కూడా అంటారు. కన్నడంలో బీటె, తమిళంలో ఈట్టి. ఊదా, నలుపు గీతలు, కోస్తే సన్నని తీపి వాసన. మైసూరు పొదుగు పని బల్లలకు ఇదే ఆధారం. పాత మంచం కోళ్లు, బీరువాలు, ఉయ్యాల బల్లలు నల్లగా ఉంటే ముందు దీన్నే అనుమానించండి. ఈ జాతి మానులన్నిటినీ 2017లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి తెచ్చారు కాబట్టి విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపించాలంటే అనుమతి కావాలి. ఇంట్లో ఉంచుకోవడానికి, వాడుకోవడానికి ఇబ్బంది లేదు.

వేగిస సంగతి పైన చెప్పాం. వేగిస, హొన్నె, వేంగై. కర్ణాటకలో వాకిలి చట్రాలకు టేకు తర్వాత దీనికే పేరు. పసుపు కలిసిన గోధుమ రంగు, మంచి గట్టి కొయ్య. దీని ముక్కను గ్లాసు నీళ్లలో వేస్తే కాసేపటికి నీళ్లు రంగు మారి, వెలుతురుకు పట్టి చూస్తే నీలంగా మెరుస్తాయి. ఇంతకంటే సులువైన గుర్తింపు ఇంకే కొయ్యకూ లేదు. ఆ నీళ్లు చక్కెర జబ్బుకు మంచివని హొన్నె గ్లాసులు అమ్ముతుంటారు. తాగేవాళ్లు తాగండి గాని, డాక్టరు ఇచ్చిన మాత్రలు మానకండి. ఈ రంగు గుణం వల్లే ఒక చిక్కు కూడా ఉంది. తడి తగిలితే చట్రం పక్కన సున్నం గోడ పసుపు పడుతుంది. గోడకు ఆనే వైపు ముందే ప్రైమర్ పూయించాలి.

యేపి గురించి ఎవరూ చెప్పరు, అందుకే మేము కొంచెం ఎక్కువ చెబుతాం. తెలుగులో నారయేపి అనేది పట్ట నుంచి తాళ్లకు నార తీసేవాళ్లు కాబట్టి. కన్నడంలో కమర, తమిళంలో ఆచ్చా. మన ఎండసీమ మానే ఇది, అనంతపురం, కడప, చిత్తూరు గుట్టల్లో పుట్టేది. చేవ ముదురు ఎరుపు కలిసిన నలుపు. మన దేశంలోని అతి బరువైన కొయ్యల్లో ఒకటి, నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఉలి మొద్దుబారిపోతుందని వడ్రంగులు దీన్ని తిట్టుకుంటారు. పాత మిద్దెల్లో కంభాలకు, దూలాలకు వాడేవాళ్లు. పెండ్లిలో మనం వినే నాదస్వరం ఈ కొయ్యతోనే చేస్తారు. తమిళనాడులో కుంభకోణం దగ్గరి నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి పనివాళ్లు కొత్త ఆచ్చా కంటే పాత ఇండ్లు కూల్చినప్పుడు దొరికే దూలాలను వెతుక్కుని కొంటారు, డెబ్భై ఎనభై ఏళ్లు ఎండిన కొయ్య ఇక కదలదు కాబట్టి. మన దగ్గర మాత్రం అలాంటి దూలం చాలాసార్లు వంట పొయ్యిలోకి పోతుంది.

మద్ది దగ్గర జాగ్రత్త. నల్లమద్ది కన్నడంలో మత్తి, తమిళంలో కరుమరుదు. ఏటి ఒడ్డున పెరిగే ఏరుమద్ది వేరు, కన్నడంలో హొళెమత్తి, తమిళంలో నీర్‌మరుదు. చట్రానికి నల్లమద్ది అడిగితే రెండోది అంటగట్టే అవకాశం ఉంది. దిరిసెన కన్నడంలో బాగె, తమిళంలో వాగై. బొమ్మల మాను పేరులో ఇంకో తికమక ఉంది. కన్నడంలో 'ఆల' అంటే మర్రి, 'ఆలె' అంటే మన అంకుడు. చన్నపట్న లక్క బొమ్మలు ఈ ఆలె మానుతోనే చేస్తారు, విశాఖ వైపు ఏటికొప్పాక బొమ్మలూ ఇదే కొయ్య. కొండపల్లి బొమ్మలది మాత్రం పొణికి, అది ఇంకా తేలిక.

ఊరి చెట్లు

వేపను చిన్నచూపు చూడకండి. కోలారు పల్లెల్లో వాకిండ్లకు, కిటికీలకు తరతరాలుగా అదే కొయ్య. పురుగు త్వరగా పట్టదు. ఆరకుండా చట్రం కడితే మాత్రం పగుళ్లిస్తుంది, రెండు ఎండాకాలాలు నీడలో ఆరనివ్వాలి. పనస కోసినప్పుడు పసుపుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ మహాగనిలా ముదురుతుంది. బొబ్బిలి వీణ, మృదంగం దీనితోనే చేస్తారు. నల్లతుమ్మ బండి చక్రానికి, నాగలికి. చింత మొద్దు మాంసం కొట్టే దిమ్మెకు, రోలుకు. మామిడి చవక, సెంట్రింగు పలకలకు, పెట్టెలకు సరిపోతుంది, మందు పెట్టకపోతే పురుగు పిండి చేస్తుంది.

ఎర్రచందనం, గంధం

దసరా బొమ్మల కొలువులో పెట్టే జంట బొమ్మలు, కన్నడవాళ్ల పట్టద గొంబెలు, తమిళుల మరపాచి బొమ్మలు పాతకాలంలో ఎక్కువగా ఎర్రచందనంతో చేసేవాళ్లు. ఈ మాను కడప, చిత్తూరు, తిరుపతి గుట్టల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెద్దగా పెరగదు. తమిళంలో చెమ్మరం. నీళ్లలో మునుగుతుంది. అమ్మేవాడు బొమ్మను నీళ్లలో ముంచి, ఎర్రరంగు దిగితే 'చూడండి, అసలైనది' అంటాడు. నిజానికి సంగతి తిరగబడి ఉంది. ఎర్రచందనం రంగు చల్లటి నీళ్లలో దాదాపు కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. నీళ్లు వెంటనే ఎర్రబడితే అది పూసిన రంగు.

కొలువు బొమ్మ ఉంటే దాచుకోండి. కొత్తగా దుంగ గాని, ముక్క గాని, చవకగా వస్తుందని సరిహద్దు అవతల నుంచి తెచ్చుకోకండి. మనకు వి.కోట, కుప్పం పక్కింటి దూరం కావచ్చు, చెక్‌పోస్టులో అది అటవీ కేసు. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం కూడా నియంత్రణలో ఉంది.

గంధం సంగతి మన రాష్ట్రంలో వేరు. 1792లో టిప్పు సుల్తాన్ దాన్ని రాజవృక్షం అన్నప్పటి నుంచి, మన పెరట్లో మొలిచినా చెట్టు సర్కారుదే అన్న పద్ధతి నడిచింది. అందుకే మన పెద్దలు గంధం మొలక కనిపిస్తే పీకేసేవాళ్లు, ఎందుకొచ్చిన గొడవ అని. 2001లో కర్ణాటక చట్టం మార్చి భూమి యజమానికే చెట్టు మీద హక్కు ఇచ్చింది. కానీ కొట్టడానికి అటవీశాఖ అనుమతి కావాలి.

నీలగిరి, సిల్వర్ ఓక్: పేర్లలో మోసం

నీలగిరి చెట్టు నీలగిరులది కాదు, ఆస్ట్రేలియాది. కోస్తా ఆంధ్రవాళ్లు దాన్నే జామాయిలు అంటారు, చుట్టాలతో మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. 1790 ప్రాంతంలో టిప్పు నంది కొండ మీద నాటించాడని చెబుతారు. 1980ల నాటికి కోలారు రాగి చేలల్లో కాగితం, రేయాన్ మిల్లుల కోసం నీలగిరి వరుసలు లేచాయి. రాగి తగ్గిందని, భూగర్భ జలం ఇంకిపోయిందని గొడవ దేశమంతా పాకింది. చివరికి 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. కొయ్యగా దాని గుణం ఒక్క మాటలో చెప్పాలంటే మొండి. ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, చివర్లు చీలుతాయి. స్తంభాలకు, సెంట్రింగు గుంజలకు బాగుంటుంది. తలుపుకు వద్దు.

సిల్వర్ ఓక్ కూడా ఆస్ట్రేలియాదే, ఓక్ కాదు. ప్లైవుడ్‌కు, చవక సామానుకు వాడతారు. డిపోలో చెప్పే 'మలేషియా సాల్' మన గుగ్గిలం చెట్టు కాదు, అక్కడి వేరే మానులకు వ్యాపారులు పెట్టిన పేరు. 'ఆఫ్రికన్ టేకు' అన్న మాటను ఆఫ్రికాలో పెంచిన అసలు టేకుకూ వాడతారు, టేకుతో చుట్టరికమే లేని వేరే కొయ్యలకూ వాడతారు. ఇవన్నీ చెడ్డ కొయ్యలని మేము అనడం లేదు, వాటిలో కొన్ని చాలా గట్టివి. బిల్లు మీద 'టేకు' అని రాయమనండి. రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే. రబ్బరు కొయ్య సామాను కొంటే బోరాన్ మందు పట్టించిందో లేదో అడగండి, లేకపోతే పురుగు ఖాయం.

పెరటి చెట్టు, పాత వాకిలి అమ్మేటప్పుడు

పచ్చి చెట్టుకు కొనేవాడు చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తాడు. 4 అడుగుల చుట్టు, 10 అడుగుల పొడవు దుంగ అతని లెక్కలో 10 ఘనపుటడుగులు. అసలు ఘనపరిమాణం 12.7. కోతలో పోయే వృథా కోసం ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, ఇందులో మోసం లేదు. దీని మీద మళ్లీ 'బెరడుకు', 'తరుగుకు' అని ఇంకో కోత పెడితే మాత్రం ఒప్పుకోకండి. కొట్టే ముందు 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద అనుమతి తీసుకోవాలి. నీలగిరి, సర్వె, సిల్వర్ ఓక్, కొబ్బరి లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. వేపకు, పనసకు ముందే అటవీశాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

పాత వాకిలిని కిలోల లెక్కన అమ్మకండి. ఘనపుటడుగు లెక్క అడగండి. అమ్మే ముందు కనపడని ఒక అంచును చిత్రిక పట్టించి రంగు, గీతలు చూసుకోండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి పొడి సాండ్‌పేపరుతో ఇంట్లోనే గీకించకండి, పిల్లలు ఉన్న ఇంట్లో అసలే వద్దు. తడిపి, బయట గీకించి, ఆ పొట్టును ఊడ్వకుండా తడిగానే పోగు చేసి పారేయించండి. ఇంకొక మాట. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక కంపెనీ లైన్లలో ఉంటున్న మన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంటి పత్రం మీ పేరున లేకపోతే ఆ ఇంటి చట్రాలు, తలుపులు అమ్మే హక్కు కూడా మీకు లేనట్టే. సొంత సామాను వేరు, ఇంటికి బిగించినది వేరు.

పేరు తేలకపోతే బెంగళూరు మల్లేశ్వరం 18వ క్రాస్‌లో కేంద్ర ప్రభుత్వ కొయ్య పరిశోధన సంస్థ ఉంది, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ. ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసి ఏ మానో రాతపూర్వకంగా చెబుతారు. అగ్గిపెట్టె అంత ముక్క, రంగు లేనిది, తెల్లకట్టె కాకుండా చేవ భాగం నుంచి తీసి పెట్టుకోండి. రుసుము ఉంటుంది కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.